మూడింటికి చెబుతారట

ఇటలీలో ఫుట్‌బాల్ కోచ్‌ల ఉద్యోగాలు ఎక్కువగా సోమవారాలే ఊడతాయి. ఆదివారం ఆట ఓడిపోతారు, ఇంటికెళ్ళి క్లబ్ ప్రెసిడెంటుగారు పళ్ళు నూరుకుంటాడు, మర్నాడు చాలా పెద్దమనిషి తరహాలో ఒక ప్రకటన వస్తుంది. ఇన్నాళ్ళ సేవలకు కృతజ్ఞతలు, మీ భవిష్యత్తు బాగుండాలి, అని. పోనీ అంతటితో పీడా వదిలిందా అంటే అదీ లేదు. తీసేసినా కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ జీతం ఇవ్వాల్సిందే కాబట్టి, కొత్తాయన కూడా నాలుగు ఆటలు ఓడితే పాతాయన్నే మళ్ళీ పిలుస్తారు. అలిగెళ్ళిన అల్లుడిలా ఆయన సంచీ పట్టుకుని వస్తాడు. ఈ భాగోతమంతా మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో, ఒక గాజు బిల్డింగు మూడో అంతస్తులో కూర్చుని, నిమిషాలతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించే పని హనుమకొండ అమ్మాయి సహస్రది.

నవ్వులాటగా ఉంటుంది గానీ అది మాటలు పడే పని. ఆమె ఎక్కించిన ముక్క సెకనులో ఫోన్ యాప్‌లకీ పందేల కంపెనీలకీ వెళ్ళిపోతుంది. ఫలానా క్లబ్బు కోచ్ పేరు పక్కన 'ఉన్నాడు' అని ఉంటే ఒక లెక్క, 'తొలగించారు' అని ఉంటే ఇంకో లెక్క. పోటీ కంపెనీ పది నిమిషాలు ముందు చెప్పిందా, మీటింగులో మన మొహాన గ్రాఫు వేసి చూపిస్తారు. ఈ ఏడాది సహస్ర మొహాన మూడుసార్లు వేశారు.

మూడుసార్లూ ఆమె ఆగింది క్లబ్బు ప్రకటన కోసమే. రూలు అదే. క్లబ్బు తనంతట తాను ప్రకటించాలి, లేదంటే ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెప్పాలి. ఆ రూలు కాగితం మీద ముద్దుగానే ఉంటుంది. దాన్ని పాటించినవాళ్ళకి గ్రాఫు, పాటించకుండా గెలిచినవాళ్ళకి చప్పట్లు.

ఆ సోమవారం పొద్దున్న మొంతెఫియోరా క్లబ్బు ఆఫీసు నుంచి కార్లా ఫోన్ చేసింది. మొంతెఫియోరా అంటే మూడో డివిజన్లో ఈదుతున్న ఒక కొండ ఊరి టీము. ముందురోజు సొంత గడ్డ మీద నాలుగు గోల్స్ వేయించుకుంది. కార్లా అక్కడ సెక్రటరీ. ఏడాదిగా ఫోన్లో మాట్లాడి మాట్లాడి సహస్ర నేర్చుకున్న ఇటాలియన్‌లో సగం కార్లా గొంతుదే.

"అయిపోయింది," అంది కార్లా గుసగుసగా. "ప్రెసిడెంట్ నిర్ణయించేశాడు. ప్రాక్టీసు అయ్యాక మూడింటికి మిస్టర్‌ని పిలిచి చెబుతారట. ఈలోగా ఎక్కడా రాయకు, నీకు పుణ్యముంటుంది."

అక్కడ కోచ్‌ని మిస్టర్ అంటారు. పేరుతో ఎవరూ పిలవరు. ఈ మిస్టర్ పేరు ఒరెస్తే ఫలాస్కి, అరవై ఒకటో ఏడు. శుక్రవారం శుక్రవారం సహస్ర ఫోన్ చేసి, రాబోయే ఆదివారం ఆడే టీము గురించి అడిగితే, మిగతా కోచ్‌లలాగా కసురుకోడు. తొందరపడకుండా, ఒక్కో మాటా విడదీసి, ఈ అమ్మాయికి అర్థమవ్వాలి పాపం అన్నట్టు చెబుతాడు. చివర్లో అన్నం తిన్నావా అని అడుగుతాడు. ఇక్కడి ఆఫీసులో ఏడాదిలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

సహస్ర లేచి విజయేంద్ర దగ్గరికి వెళ్ళింది.

విజయేంద్ర ఆ విభాగానికి పెద్ద. తెనాలి ఆయన, జర్మనీ వచ్చి ముప్ఫై ఏళ్ళు. ఆఫీసంతా ఆయన్ని విజయ్ అని పిలుస్తుంది, ఇంటర్న్‌లతో సహా. సహస్ర ఒక్కతే సార్ అంటుంది. ఇంటర్వ్యూ రోజున ఆయన ఆమె కాగితాలు చూసి, "హనుమకొండా? పద్మాక్షి గుట్ట ఎక్కావా ఎప్పుడైనా?" అని తెలుగులో అడిగాడు. ష్వైన్‌ఫర్ట్‌లో మాస్టర్స్ చదివి, నూట ఎనభై అప్లికేషన్లు పెట్టి, 'లైడర్', అంటే 'విచారిస్తున్నాం', అని మొదలయ్యే తిరస్కారాలు నూట ఎనభై తిన్న పిల్లకి ఆ ఒక్క ప్రశ్నతో ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచీ ఆయన ఏం చెప్పినా తెలుగులోనే చెప్పేవాడు, ఆమె తెలుగులోనే వినేది. పక్క బల్ల జర్మన్ కుర్రాడు లూకస్ ఒకసారి, మీ భాష వింటుంటే గోళీలు దొర్లినట్టుంటుంది అన్నాడు కూడా.

"మూడింటికి చెప్తరట సార్," అంది సహస్ర. "అప్పటిదాంక ఆగుత."

విజయేంద్ర ఆమె వెనకాలే కుర్చీని చక్రాల మీదే ఆమె బల్ల దాకా దొర్లించుకొచ్చాడు. "ఎందుకాగడం? మూడింటిదాకా అవతలి కంపెనీ వాళ్ళు నిద్రపోతారా? కొట్టెయ్."

"ఇంకొకరు గూడ చెప్పాలె గద సార్."

"సెక్రటరీ చెప్పిందన్నావుగా! ఇంకెవరు చెప్పాలి, వాళ్ళ ఊరి చర్చిలో ఫాదరా? చూడమ్మా, నీ కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది. పర్మనెంటు చెయ్యమని నేను పైవాళ్ళ దగ్గర గొంతు చించుకోవాలంటే, నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. ఒక్కసారి ముందు చెప్పు. ఒక్కసారంటే ఒక్కసారి. ఏమైనా అయితే నేను చూసుకుంటాలే."

ఆ కాంట్రాక్టు విలువ ఏమిటో చెప్పాలి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన గడువు ఆ నెలతో సరి. వచ్చే సోమవారం ఫారినర్స్ ఆఫీసులో ఆమెకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, ఉంది. నాలుగు నెలలు రోజూ వెబ్‌సైటు తడిమితే దొరికిన టెర్మిన్. అక్కడ బల్ల మీద పర్మనెంటు కాంట్రాక్టు పెడితే, ఉద్యోగం మీద దేశంలో ఉండనిచ్చే బ్లూ కార్డు. పెట్టలేకపోతే, మూటాముల్లే సర్దుకోమని మర్యాదగా చెబుతారు.

సహస్ర మౌసు పట్టుకుంది. ఫలాస్కి పేరు పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే కిందికి జాబితా దిగింది. ఉన్నాడు, తాత్కాలికం, రాజీనామా, తొలగించారు. నాలుగోదాని మీద ఆగింది. విజయేంద్ర ఆమె భుజం వెనకాల కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పదకొండూ యాభై రెండుకి నొక్కింది.

ప్రపంచంలో అందరికన్నా ముందు చెప్పింది ఆమే. "శభాష్," అన్నాడు విజయేంద్ర. కుర్చీ దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకి ఫలాస్కి ఫోన్ చేశాడు. సోమవారం ఎప్పుడూ చెయ్యడు.

"సాస్రా," అన్నాడు. ఆమె పేరు ఆయన నోట అలాగే పలుకుతుంది. "మీ దాంట్లో ఏదో పొరపాటు పడిందమ్మాయీ. నన్ను తీసేశారని వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో పిల్లలు ఫోన్లు చూసుకుంటూ ఒక్కసారిగా చప్పుడు మానేశారు. నేనే అడిగాను, ఏమైందిరా అని. గోల్‌కీపర్ కుర్రాడు నోరు పెగలక ఫోన్ నా చేతిలో పెట్టాడు. మా ఆవిడ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసింది, ఏడుస్తోంది. ఎవరో తెలియక రాసుంటారు. నీకు చెబితే తీసేయిస్తావని చేశాను."

సహస్ర చెవి వేడెక్కిపోయింది. "చూస్తాను మిస్టర్," అంది.

"నీకు శ్రమ ఇస్తున్నాను."

"అయ్యో, శ్రమ ఏముంది."

ఫోన్ పెట్టేసి నేరుగా విజయేంద్ర దగ్గరికి పోయింది. తీసేద్దాం సార్, ఆయనకే ఇంకా చెప్పలేదంట, పిల్లలముందు తలవంపులైందంట, అని గబగబా చెప్పింది. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇప్పుడు తీసి, మూడింటికి మళ్ళీ పెడతావా? నవ్విపోతారు. రెండు గంటలు కళ్ళు మూసుకో, వాళ్ళే ప్రకటిస్తారు."

కళ్ళు మూసుకుంది. మూడైంది. ప్రకటన లేదు. నాలుగైంది. కార్లా ఫోన్ ఎత్తలేదు. అయిదింటికి పందేల కంపెనీ నుంచి మెయిలొచ్చింది, ఇది నిజమేనా అని. ఆరింటికి మొంతెఫియోరా క్లబ్బు ప్రకటన వచ్చింది. సహస్ర దాన్ని చదివింది, మళ్ళీ చదివింది. కోచ్‌ని తొలగించారన్న వార్త పూర్తిగా అబద్ధం, మిస్టర్ ఫలాస్కి మీద క్లబ్బుకి సంపూర్ణ విశ్వాసం ఉంది, ఈ వదంతి పుట్టించినవారిపై చట్టప్రకారం చర్య తీసుకుంటాం.

చూస్తుండగానే పైనుంచి ఎవరో ఫలాస్కి పేరు పక్కన మళ్ళీ 'ఉన్నాడు' అని మార్చేశారు. ఆమె తల తిప్పి చూసింది. విజయేంద్ర బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది, కోటు కూడా లేదు.

మంగళవారం పొద్దున్నంతా ఆయన తన బల్ల దాటి రాలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి మాత్రం వచ్చి, కాస్త నడిచొద్దాం రా అన్నాడు. ఆఫీసుకి దగ్గర్లోనే ఫెరింగా చెరువు. నవంబరు చలికి ఈతకొచ్చేవాళ్ళు లేరు, ఒక ముసలామె కుక్కని తిప్పుతోంది. విజయేంద్ర చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని చాలాదూరం నడిచాడు.

"రేపు హెచ్ఆర్ వాళ్ళు పిలుస్తారు," అన్నాడు చివరికి. "ఎవరైనా చెప్పి చేయించారా అని అడుగుతారు. నాకు నేనే తొందరపడ్డాను అని చెప్పు."

సహస్ర ఆగిపోయింది. "మీరే గద సార్ కొట్టెయ్ అన్నది!"

"అన్నాను. కాదనడంలేదు. కానీ ఆలోచించు తల్లీ. ఇద్దరం మునిగితే పైకి లాగేదెవరు? నేను ఆ కుర్చీలో ఉంటే రేపు ఇంకో కంపెనీలో నీకోసం ఒక మాట చెప్పగలను. నాకు ఇక్కడ ఎంతమంది తెలుసో నీకు తెలుసుగా. నేనే లేకపోతే నీకెవరున్నారు ఈ ఊళ్ళో?"

ఆ చివరి మాట ఆయన ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్నాడు గనకే సహస్రకి ఒళ్ళు మండింది. ఇద్దరూ వెనక్కి తిరిగి ఆఫీసుకి నడిచారు. లిఫ్టులో ఎవరో ఎక్కితే ఆయన నవ్వుతూ జర్మన్‌లో వాతావరణం గురించి మాట్లాడాడు.

బుధవారం పదింటికి మీటింగు. హెచ్ఆర్ అధికారి ఫ్రావ్ హోల్ట్‌మన్ ఎదురుగా ఒక పల్చటి ఫైలు. విజయేంద్ర ఆమె పక్కన కూర్చున్నాడు, సహస్ర ఇవతల. ఫ్రావ్ హోల్ట్‌మన్ చెడ్డమనిషి కాదు. నీళ్ళు తాగుతారా అని అడిగింది, నిదానంగా మాట్లాడింది.

"నియమం మీకు తెలుసు. ఎందుకు ఆగలేదు? ఎవరైనా మీకు ఆదేశం ఇచ్చారా?"

విజయేంద్ర గ్లాసు వైపే చూస్తూ తెలుగులో మెల్లగా అన్నాడు. "వద్దమ్మా. నా మాట విను."

"దయచేసి జర్మన్‌లో," అంది ఫ్రావ్ హోల్ట్‌మన్.

"క్షమించండి. భయపడొద్దని ధైర్యం చెబుతున్నానంతే," అన్నాడాయన జర్మన్‌లో. ఎంత చక్కటి జర్మనో! ఫ్రావ్ హోల్ట్‌మన్ మెచ్చుకోలుగా తలూపింది.

సహస్రకి ఆ క్షణంలో భయమంతా ఎటు పోయిందో పోయింది. "ఈయనే చెప్పారు," అంది. "నేను ఆగుతానన్నాను. ఆగొద్దు, నేను చూసుకుంటాను అన్నారు."

ఫ్రావ్ హోల్ట్‌మన్ పెన్ను పైకెత్తింది. "మెయిల్లోనా? చాట్‌లోనా?"

"నోటితో."

"ఎవరైనా విన్నారా?"

"అందరూ ఉన్నారు. లూకస్ నా పక్కనే ఉన్నాడు."

లూకస్‌ని పిలిచారు. మంచి పిల్లాడు, అబద్ధం ఆడడు. "అవును, సోమవారం పొద్దున్న విజయ్ వచ్చి మాట్లాడాడు," అన్నాడు. "కానీ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. వాళ్ళెప్పుడూ అంతే. నాకు అర్థం కాదు." కాస్త ఆలోచించి, సాయం చేద్దామనే ఉద్దేశంతో, "గొంతులు మాత్రం స్నేహంగానే ఉన్నాయి," అన్నాడు.

"ఏం చెప్పారు మీరు?" అని ఫ్రావ్ హోల్ట్‌మన్ విజయేంద్రని అడిగింది.

"ఆగమని చెప్పాను," అన్నాడు విజయేంద్ర. "ప్రకటన వచ్చేదాకా ఆగమని. చిన్నపిల్ల, వీసా ఒత్తిడిలో ఉంది. నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను."

ఇలాంటి మనిషిని ఏమనాలి? సహస్ర ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహంలో కనీసం సిగ్గు కనిపించినా కొంత ఓదార్పుగా ఉండేది. ఆయన నిజంగానే బాధపడుతున్నవాడిలా ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఏనాడో అలవాటైపోయుంటుంది.

కాంట్రాక్టు పొడిగించడం కుదరదని చెప్పారు. శుక్రవారం పన్నెండింటితో లాగిన్ ఆగిపోతుందని, మిగిలిన రోజులు సెలవు కింద వాడుకోవచ్చని చెప్పారు. ఫ్రావ్ హోల్ట్‌మన్ లేచి చెయ్యి కలిపింది. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది.

ఇంటికొచ్చేసరికి శ్రీవల్లి పోపు వేస్తోంది. శ్రీవల్లి ష్వైన్‌ఫర్ట్‌లో సహస్రతో చదివిన పిల్ల, ఇప్పుడు ఒకే గదిలో ఇద్దరూ. సంగతి విని గరిటె పట్టుకునే కూలబడింది.

"మరి సోమవారం టెర్మిన్ ఏం జేస్తవే? క్యాన్సల్ చేస్తవా?"

"చేస్తే మళ్ళ దొర్కుతదా? పోయి కూసుంట."

"పోయి ఏం పెడ్తవ్ వాళ్ళ ముందల?"

పప్పు మాడు వాసన వచ్చింది, ఇద్దరిలో ఎవరూ లేవలేదు. కాసేపటికి శ్రీవల్లి, "ఆయన మనోడు అనుకున్నం గదనే," అంది. "అదే," అంది సహస్ర. లూకస్ చెప్పి ఉంటే మెయిల్లో రాయి అనేది. నోటిమాట నమ్మింది తెలుగు కాబట్టే. వాడెవడో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర ఉన్నంత జాగ్రత్త కూడా మనవాళ్ళ దగ్గర ఉండదు.

శుక్రవారం పన్నెండింటికి తెర నల్లబడింది. విక్రాంత్ అని జీగెన్‌లో చదువుతున్న తెలుగబ్బాయి వచ్చే సోమవారం నుంచి వస్తున్నాడట, ఇటలీ బల్లకే. అతని ఇంటర్వ్యూ కూడా విజయేంద్రే తీసుకున్నాడు. సహస్ర తన కప్పు కడిగి సంచీలో పెట్టుకుంది. చెప్పులు మార్చుకుని బూట్లు వేసుకుంటుండగా సొంత ఫోన్ మోగింది. ఫలాస్కి.

వెనక బంతుల చప్పుడు వినిపిస్తోంది. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత హుషారుగా ఉంది.

"సాస్రా! నువ్వు పనిలో ఉంటావని ఇన్నాళ్ళూ చెయ్యలేదు. ఆ పొరపాటు తీసేయించావు కదూ, థాంక్స్ చెబుదామని. నిజం చెప్పనా? నన్ను ఆ రోజు తీసేసేవాళ్ళే. ప్రెసిడెంట్ నాతోనే అన్నాడు. కానీ ఆ వార్త ముందే బయటపడేసరికి ఊరు ఊరంతా గేటు దగ్గరికొచ్చి నా పేరు పెట్టి అరిచింది. ఆయన హడలిపోయి మాట మార్చేశాడు. ఎవడో చేసిన తప్పు నా ఉద్యోగం నిలబెట్టింది చూడు."

సహస్ర గోడకి ఆనుకుంది. ఊరుకుంటే సరిపోయేది. సరే మిస్టర్, సంతోషం, అని పెట్టేస్తే ఆయన జన్మలో తెలుసుకోడు. కానీ బుధవారం ఆ గదిలో కూర్చుని వచ్చాక, తెలిసి తెలిసి ఇంకో అబద్ధం పక్కన నిలబడడం ఆమె వల్ల కాలేదు.

"నేను తీయించలేదు మిస్టర్," అంది. "అది పెట్టిందే నేను."

బంతుల చప్పుడు దూరమైంది. ఆయన ఎక్కడికో పక్కకి నడిచినట్టున్నాడు.

"నీకు ఎవరు చెప్పారు పెట్టమని?"

"మా పెద్దాయన. మా భాషలో చెప్పాడు. తర్వాత చెప్పలేదన్నాడు."

"మరి చెప్పలేదని ఏ భాషలో చెప్పాడు?"

"జర్మన్‌లో."

"ఆఁ," అన్నాడు ఫలాస్కి. నలభై ఏళ్ళుగా ప్రెసిడెంట్ల కింద పనిచేసిన మనిషి. ఆ ఒక్క 'ఆఁ' విని సహస్రకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శ్రీవల్లిని వదిలేస్తే, వారం రోజుల్లో ఆమె మాట నమ్మింది ఆయనొక్కడే. ఆమె అన్యాయం చేసింది కూడా ఆయనకే.

తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "కాగితం తీసుకో," అన్నాడు. "ఆదివారం నలుగురిని మారుస్తున్నాను, కొత్త పిల్లాణ్ణి దింపుతున్నాను. ఇంకా మా వాళ్ళకే చెప్పలేదు. నీకు చెబుతాను, అందరికన్నా ముందు పెట్టుకో. మీ వాళ్ళు ఇంక నిన్నేమీ అనరు."

ఉద్యోగం పోయిందని చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన అప్పటికే మొదటి పేరు చెప్పేశాడు, ఎప్పట్లాగే విడదీసి, నిదానంగా. ఆమె పాత ప్రింటు కాగితం ఒకటి తిరగేసి గోడకి ఆనించి రాసుకుంది. గోల్‌కీపర్, నలుగురు డిఫెండర్లు, ఎడమవైపు ఆడే కొత్త పిల్లాడి పేరు అక్షరం అక్షరం. పదకొండు పేర్లు.

"రాశావా? అన్నం తిన్నావా?"

"తిన్నాను మిస్టర్," అంది సహస్ర. తినలేదు.

ఫోన్ పెట్టి తల తిప్పేసరికి విజయేంద్ర కుర్చీ పక్కనే ఉంది. ఇటాలియన్ ఆయనకీ కొంచెం అర్థమవుతుంది, పేర్లయితే బాగానే అర్థమవుతాయి. చెయ్యి చాపాడు. "టీము ఇచ్చాడా?" అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. "ఇలా తే అమ్మా. ఇది నీ పేరు మీదే ఎక్కిస్తాను. నీ గురించి మంచి ఉత్తరం రాస్తాను, నా మాట నమ్ము."

సహస్ర నిటారుగా నిలబడింది. హాలంతా వినపడేలా, జర్మన్‌లో, ఆ హాల్లో ఎవరూ ఎవరినీ అనని, పరాయివాళ్ళని అనే 'మీరు' వాడి అంది. "ఆ మాట నాకు ఈమెయిల్లో రాసి పంపండి."

లూకస్ తలెత్తాడు. అవతల బల్లల దగ్గర కూడా ఇద్దరు ముగ్గురు తలలెత్తారు. ఆమె ఈమెయిలు పన్నెండింటికే ఆగిపోయిందని వాళ్ళందరికీ తెలుసు, ఆయనకి మరీ బాగా తెలుసు. విజయేంద్ర చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చేత్తోనే కాఫీ కప్పు తీసుకున్నాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకుని పనిలో పడ్డారు.

సహస్ర బిల్డింగు దిగి ఎస్-బాన్ రైలు స్టేషన్ దాకా నడిచింది. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, చేతిలో నలిగిపోతున్న కాగితాన్ని మడతపెట్టి, టెర్మిన్ కోసం విడిగా పెట్టుకున్న ప్లాస్టిక్ ఫైల్లో పెట్టింది. పాస్‌పోర్టు, ఇంటి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కార్డు అన్నీ అందులో వరసగా ఉన్నాయి. కాంట్రాక్టు కోసం ఒక్క అర ఖాళీగా ఉంచింది. కాగితం ఆ అరలోకే వెళ్ళింది.